పాత లగ్జరీ కారుతో మద్రాసు వెళ్లే నెల్లూరువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో పాత బెంజ్, బీఎండబ్ల్యూ, పజెరో, క్యామ్రీ ఉన్నవాళ్లం నలుగురం కలిస్తే మాట మైలేజీ దగ్గర మొదలై దొంగతనం దగ్గరికి చేరుతుంది. మన వీధిలో ఏ బండి ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ అంత భయం ఉండదు. ఆస్పత్రికో, పెళ్లి బట్టలకో, పిల్లల కాలేజీకో దాదాపు 175 కిలోమీటర్లు నడుపుకుంటూ మద్రాసు వెళ్లి, ఎక్కడో ఒక సందులో బండి వదిలి నడిచేటప్పుడే గుండె పీచుపీచుమంటుంది. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ ఫోన్లో అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అసలు భయపడాలా?

నా బండి 2008 మోడల్. ఇంత పాతదాన్ని ఎవరెత్తుకుపోతారు?

దొంగ మోడల్ సంవత్సరం చూడడు, విడి భాగాల ధర చూస్తాడు. పాత లగ్జరీ బండికి హెడ్‌లైటు, సైడ్ అద్దం, అల్లాయ్ చక్రాలు, ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటర్) కొత్తవి కొనాలంటే చేతులు కాలతాయి. కొన్ని మోడళ్లకు కొత్తవి దొరకనే దొరకవు. అందుకే వాడినవాటికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. సైలెన్సర్ గొట్టంలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. దాన్ని కోసుకుపోవడానికి బండి తలుపు తెరవాల్సిన పని కూడా లేదు. పైగా బండి పాతబడేకొద్దీ అలారం, సెంట్రల్ లాక్ ఒక్కొక్కటిగా మూలనపడతాయి, 'పాతదే కదా' అని మనమూ బాగుచేయించం.

ఇన్సూరెన్స్ ఉంది కదా, పోతే డబ్బులొస్తాయి కదా?

వస్తాయి. కానీ ఆ డబ్బుతో అలాంటి బండి మళ్లీ రాదు. దొంగతనం క్లెయిమ్‌లో చేతికొచ్చేది పాలసీలో రాసిన ఐడీవీ, అంటే ఆ ఏడాదికి బండికి కట్టిన విలువ మాత్రమే. కంపెనీ ధర మీద తరుగుదల లెక్క మొదటి ఆరు నెలలకు 5 శాతంతో మొదలై, నాలుగు నుంచి అయిదేళ్ల వయసు బండికి 50 శాతానికి చేరుతుంది. అయిదేళ్లు దాటాక పట్టిక ఉండదు. మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ప్రీమియం నాలుగైదు వేలు తగ్గుతుందని ఆన్‌లైన్‌లో ఐడీవీ మీటను అట్టడుగుకు లాగి కట్టేస్తారు. ఇంజిను బాగుచేయించుకుని, లోపల తోలు సీట్లు కుట్టించుకుని, మూడు నాలుగు లక్షలు పోసిన బండికి పేపరు మీద రెండు లక్షలే ఉంటుంది. పోయిన రోజు ఆ రెండు లక్షలకే సంతకం పెట్టాలి. రెన్యువల్ సమయంలో బండి ఫొటోలు, రిపేరు బిల్లులు చూపించి ఐడీవీ పెంచమని గట్టిగా అడగండి. బయట అమర్చిన మ్యూజిక్ సిస్టమ్ లాంటివాటి విలువ పాలసీలో విడిగా రాయించండి. కొత్త బండ్లకు దొరికే 'రిటర్న్ టు ఇన్వాయిస్' కవరు (కొన్నప్పటి బిల్లు ధర ఇచ్చేది) మన వయసు బండ్లకు ఇవ్వరు. కాబట్టి పాత బండి విషయంలో ఇన్సూరెన్స్ చివరి ఆసరా మాత్రమే. పోకుండా చూసుకోవడానికి పెట్టే ఖర్చే అసలైన ఖర్చు.

థర్డ్ పార్టీ ఒక్కటే కట్టాను. దొంగతనానికి వర్తిస్తుందా?

వర్తించదు. దొంగతనం ఓన్ డ్యామేజ్, అంటే మన సొంత బండికి జరిగే నష్టం భాగంలోకి వస్తుంది. పాత బండి అని థర్డ్ పార్టీతో సరిపెట్టుకుంటే, బండి పోయిన రోజు ఒక్క రూపాయి కూడా రాదు.

## కొనేటప్పుడు

ఢిల్లీ బండి సగం ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

ధర తక్కువ కావడానికి నిజమైన కారణమే ఉండొచ్చు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద కోర్టు ఆంక్షలు వచ్చాయి (2025లో కొంత సడలించారు). అందువల్ల మంచి బండ్లు కూడా చవగ్గా దక్షిణాదికి వస్తాయి. అయితే ఆ గుంపులోనే దొంగ బండ్లు కూడా నంబరు మార్చుకుని వస్తాయి. డబ్బు ఇచ్చేముందు బండి దగ్గర కూర్చుని చాసిస్ నంబరు మీ కళ్లతో చదవండి. అందులో పదిహేడు అక్షరాలు, అంకెలుంటాయి. ఒక్కొక్కటీ ఆర్‌సీతో సరిపోవాలి. నంబరు చుట్టూ పెయింటు కొత్తగా ఉన్నా, గీకినట్టున్నా, అంకెల లోతు ఎగుడుదిగుడుగా ఉన్నా అక్కడితో లేచి వచ్చేయండి. పోయిన వాహనాల వివరాలు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) దగ్గర ఉంటాయి. డిజిటల్ పోలీస్ పోర్టల్లో నంబరు కొట్టి చూసుకోవచ్చు. అక్కడి ఆర్‌టీఓ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫైనాన్స్ తీరిన కాగితం లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

బండి కొని ఏడాదైంది, ఇంకా పాత ఓనరు పేరు మీదే నడుస్తోంది. ఇబ్బందా?

పెద్ద ఇబ్బందే. యజమాని పేరు మార్పుకు సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు బీరువాలో దాచుకుని సంవత్సరాలు నడిపేవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవరు కొత్త యజమానికి దానంతట అదే వస్తుంది. ఓన్ డ్యామేజ్ మాత్రం పాలసీ మీ పేరుకు మారితేనే వస్తుంది. అందుకు బదిలీ తేదీ నుంచి 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పాలసీ అమ్మినాయన పేరు మీద, బండి మీ దగ్గర ఉండి దొంగతనం జరిగితే, ఆయనకు బండి లేదు, మీకు పాలసీ లేదు. నాకు బాగా తెలిసిన ఒకాయన సరిగ్గా ఇలాగే చేతులు ఖాళీ చేసుకున్నాడు. ప్రీమియం మాత్రం రెండేళ్లు ఆయనే కట్టాడు. ఇది చదువుతున్న వారంలోనే ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లండి.

ఒక్క తాళమే ఇచ్చారు. చాలదా?

నడపడానికి చాలుతుంది, క్లెయిమ్‌కు చాలదు. బండి పోతే కంపెనీ రెండు తాళాలూ తెమ్మంటుంది. రెండోది ఎవరి దగ్గర ఉందో మీకూ తెలియదు కదా. తాళం పోయినట్టు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీ దాచుకుని, కొత్త తాళం చేయించండి. చేయించేటప్పుడే పాత తాళాల కోడ్‌లు బండి జ్ఞాపకంలోంచి తీసేయమని అడగండి.

## ఇంటి దగ్గర చేయించుకోవాల్సినవి

రిమోట్ నొక్కితే టక్‌మంటోంది. అంటే తాళాలన్నీ పడినట్టేగా?

కాదు. నన్ను అడిగితే పాత బెంజ్‌లో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. డబ్ల్యూ123, డబ్ల్యూ124, డబ్ల్యూ210 తరం బండ్లలో సెంట్రల్ లాక్ వైర్లతో కాకుండా గాలితో పనిచేస్తుంది. ఒక చిన్న పంపు సన్నటి గొట్టాల ద్వారా గాలి లాగి, వదిలి తాళాలను కదిలిస్తుంది. ఇరవై ఏళ్లకు రబ్బరు ఎండి పగులుతుంది. అప్పుడు ముందు తలుపులు పడతాయి, వెనక తలుపో డిక్కీయో తెరిచే ఉంటుంది, లేదా పడినట్టే పడి కాసేపటికి వదిలేస్తుంది. పంపు మామూలు కంటే ఎక్కువసేపు గుయ్‌మంటోందంటే ఎక్కడో గాలి పోతున్నట్టే. రబ్బరు కనెక్టర్లు మార్చడం పెద్ద ఖర్చు కాదు.

వైర్లతో పనిచేసే బండ్లకు వేరే బాధ ఉంది. మనది సముద్రపు గాలి. కృష్ణపట్నం, కావలి వైపు ఉన్నవాళ్లకు మరీను. తలుపు లోపలి కనెక్టర్లు, బానెట్ కింద అలారం స్విచ్ పచ్చగా చిలుము పడతాయి. అద్దం దించే మోటారు బలహీనపడితే బయట నుంచి అరచేత్తో గాజును కిందికి నెట్టేయొచ్చు.

ఏ బండైనా సరే, తాళం వేశాక నాలుగు తలుపులు, డిక్కీ చేత్తో లాగి చూడండి. రిమోట్ సిగ్నల్‌ను అడ్డుకునే పరికరాలు వాడే దొంగలకు కూడా ఇదే విరుగుడు. మీరు బటన్ నొక్కి వెనక్కి తిరగకుండా వెళ్లిపోతారనేదే వాళ్ల ధైర్యం.

నా బండికి ఇమ్మొబిలైజర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

సరైన చిప్ ఉన్న తాళం లేకపోతే ఇంజిను నడవనివ్వని ఏర్పాటే ఇమ్మొబిలైజర్. యూరప్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. అంతకు ముందు బండ్లలో ఉండొచ్చు, లేకపోవచ్చు. లోహపు పలక ఉన్న తాళమైతే, దాని తల చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ నాలుగు పొరలు గట్టిగా చుట్టి స్టార్ట్ చేసి చూడండి. చిప్ ఉన్న బండి సాధారణంగా స్టార్ట్ కాదు, అయినా వెంటనే ఆగిపోతుంది. మామూలుగా నడిచిందంటే మీ బండికి ఆ పలకే కాపలా అనుకోండి. బెంజ్‌లో పలక లేకుండా మొత్తం ప్లాస్టిక్‌తో ఉండే తాళమైతే ఇమ్మొబిలైజర్ ఉన్నట్టే.

ఉన్నా పూర్తి నిశ్చింత లేదు. 2000 తర్వాతి చాలా బండ్లలో స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (మెకానిక్ కంప్యూటర్ తగిలించి లోపాలు చూసేది) ఉంటుంది. దానికి పరికరం తగిలించి కొన్ని మోడళ్లకు కొత్త తాళం రాసుకోవచ్చు. ఆ సాకెట్‌కు తాళం ఉన్న మూత బిగించవచ్చు, లేదా దాన్ని వేరే చోటికి మార్పించవచ్చు. మార్పిస్తే మీ మెకానిక్‌కు తప్ప ఇంకెవరికీ చెప్పకండి.

కిల్ స్విచ్ పెట్టించమంటున్నారు. పాత డీజిల్‌కి పనిచేస్తుందా?

కిల్ స్విచ్ అంటే ఇంజిను నడవకుండా కరెంటు తెంపే రహస్య స్విచ్. పెట్రోల్ బండికి, ఎలక్ట్రానిక్ డీజిల్‌కి ఇంధనం పంపుకు కరెంటు ఇచ్చే రిలే దారిలో దాచిన స్విచ్ చాలా మంచి రక్షణ. ఖర్చు తక్కువ, దొంగకు తెలియదు, వెతుక్కునే ఓపిక అతనికి ఉండదు. మెకానికల్ పంపు ఉన్న పాత బెంజ్ డీజిల్ సంగతి వేరు. దాని ఇంజిను ఒకసారి అందుకుందంటే నడవడానికి కరెంటుతో పనిలేదు. అలాంటిదానికి స్టార్టర్ వైపు తెంపాలి, అంటే అసలు అందుకోకుండా చూడాలి. ఆటోమేటిక్ గేరు అయితే తోసి స్టార్ట్ చేయడం కూడా కుదరదు కాబట్టి ఇంకా నయం.

రెండు జాగ్రత్తలు. వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో, సరిపడా ఆంపియర్ల రిలే, ఫ్యూజు పెట్టి చేయించండి. పిచ్చి జాయింట్ల వల్ల బండి తగలబడితే ఆ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. స్విచ్‌ను డాష్‌బోర్డు కింద, సీటు కింద పెట్టించకండి. అందరూ మొదట చెయ్యి పెట్టేది అక్కడే.

స్టీరింగ్ రాడ్డు మంచిదా, గేర్ లాకా?

వీధిలో ఆపేవాళ్లకు స్టీరింగ్ రాడ్డే. గాజులోంచి దూరానికే కనిపిస్తుంది. అది చూసి దొంగ పక్క బండి వైపు నడిస్తే రాడ్డు పని అయిపోయినట్టే. పసుపో, ఎరుపో కొట్టొచ్చే రంగుది కొనండి. గేర్ లాక్ విరగ్గొట్టడం ఇంకా కష్టం, కానీ పాత లగ్జరీ మోడళ్లకు సరిపోయేది దొరకదు. ఆటోనగర్‌లో కొలత తీసి చేయించుకున్నవాళ్లున్నారు. చేయిస్తే కన్సోల్ ప్లాస్టిక్‌కు కాదు, కింద బాడీ ఇనుముకు బోల్టు పడాలి.

జీపీఎస్ పెడితే ఇక భయం లేనట్టేనా?

జీపీఎస్ దొంగతనాన్ని ఆపదు, పోయిన బండి జాడ చెబుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, బండి కదలగానే ఫోన్ మోగేలా అమర్చుకోవాలి. ఇగ్నిషన్ లేకుండా బండి కదిలినా అలర్ట్ రావాలి, ఎందుకంటే లారీ మీదికి ఎక్కించుకుపోయేటప్పుడు ఇంజిను నడవదు. లోపల సొంత బ్యాటరీ ఉన్న పరికరం తీసుకోండి, బండి బ్యాటరీ తీగ తెంపినా కొన్ని గంటలు పనిచేస్తుంది. పరికరం 2జీదో 4జీదో చూసి సిమ్ వేయండి. జియోకు 2జీ లేదు. సిమ్ రీచార్జి అయిపోయిన ట్రాకర్లు నేను లెక్కలేనన్ని చూశాను. ఏడాది ప్లాన్ వేయించి, తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. నెలలో రెండుసార్లే తీసే బండైతే ట్రాకర్ బ్యాటరీని తాగేస్తుంది, వారానికోసారి అరగంట నడపండి.

తాళం జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునే బండి. దానికేమైనా ప్రమాదమా?

ఉంది. మీ తాళం పంపే సిగ్నల్‌ను ఒకడు ఇంటి తలుపు దగ్గర పట్టి, బండి దగ్గరున్న రెండోవాడికి అందిస్తే, మీరు పక్కనే ఉన్నారనుకుని బండి తెరుచుకుంటుంది. రాత్రి తాళాన్ని మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టండి. పెట్టాక డబ్బాను బండి పక్కకు తీసుకెళ్లి తలుపు లాగి చూడండి. తెరుచుకుంటే డబ్బా మార్చండి.

యాంటీ థెఫ్ట్ (దొంగతనాన్ని అడ్డుకునే) పరికరం ఉంటే ప్రీమియం తగ్గుతుందంట?

ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదించినదైతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు. దానికోసం పెట్టించుకోవద్దు, బండి కోసం పెట్టించుకోండి.

## నగరంలో ఉన్నప్పుడు

టీ నగర్‌లో పార్కింగ్ దొరకదు. పక్క సందులో వదలొచ్చా?

పండగ సీజన్‌లో అయితే బండి టీ నగర్‌కు తీసుకెళ్లకండి, ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. బస చేసిన చోట లోపల పెట్టి ఆటోలోనో మెట్రోలోనో వెళ్లండి. తప్పదంటే డబ్బు తీసుకుని రసీదు ఇచ్చే పార్కింగ్ వెతకండి. వీధిలోనే ఆపాల్సి వస్తే దీపం కింద, దుకాణం కెమెరా ముఖం ఉన్న వైపు ఆపి, చక్రాలు ఫుట్‌పాత్ వైపు పూర్తిగా తిప్పి లాక్ చేయండి. అలా ఉన్న బండిని లాగి ఎక్కించడం కష్టం. సీటు మీద చార్జర్ తీగ కూడా కనిపించకూడదు. నేను ఒకసారి ఓ ఆస్పత్రి వెనక సందులో రెండు గంటలు ఆపి వచ్చేసరికి బానెట్ మీది బెంజ్ నక్షత్రం, నాలుగు చక్రాల మధ్య మూతలు లేవు. ఆ రోజు మా అమ్మకు స్కానింగ్. ఆ బాధలో ఈ బాధ మోయలేకపోయాను. అప్పటి నుంచి నగరానికి వెళ్లేముందు నక్షత్రం తీసి ఇంట్లో పెట్టి వెళ్తాను. చక్రాలకు ఒక్కోదానికి ఒక లాక్ నట్టు వేయించాను.

రాత్రికి కవర్ వేస్తే మంచిదా?

గేటు లోపలైతే వేయండి. వీధిలో వద్దు. కవర్ వేసిన బండి రేపు ఉదయం దాకా ఎవరూ రారని చెబుతుంది, దాని కింద చేసే పని ఎవరికీ కనిపించదు.

హోటల్లో, కల్యాణ మండపంలో తాళం వాలెట్ వాళ్లకు ఇవ్వొచ్చా?

రసీదు మీద బండి నంబరు రాసి ఇస్తేనే. ఇంటి తాళాలున్న గుత్తి ఇవ్వకండి, బండి తాళం ఒక్కటే విడదీసి ఇవ్వండి. ఒరిజినల్ ఆర్‌సీ బండిలో ఉంచకండి. డిజిలాకర్, ఎంపరివాహన్‌లోది పోలీసులకు చూపించడానికి చెల్లుతుంది.

యాక్టింగ్ డ్రైవర్‌తో (రోజు కూలికి పిలిచే డ్రైవర్) బండి పంపిస్తున్నాం. ఏం చూసుకోవాలి?

లైసెన్సు ఒరిజినల్ చూసి ఫొటో తీసుకోండి, ఇంటి చిరునామా తెలిసిన మనిషి ద్వారానే మాట్లాడండి. బండి అప్పగించాక ఆ మనిషే కనిపించకుండా పోతే కేసు దొంగతనంగా కాకుండా నమ్మకద్రోహంగా నమోదు కావచ్చు. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ దొంగతనం కాదని పేచీ పెడుతుంది. సొంత బోర్డు బండిని అద్దెకు ఇచ్చేవాళ్లకు ఇంకా ప్రమాదం, అది పాలసీ షరతులకే విరుద్ధం.

మా అబ్బాయి ఉద్యోగం మద్రాసులోనే. ఏపీ 26 బండి అక్కడే ఉంచుకుంటే పాలసీ చెల్లుతుందా?

చెల్లుతుంది. పాలసీ దేశమంతటా పనిచేస్తుంది. కాకపోతే బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. పదిహేనేళ్లు దాటిన బండైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చూసుకోండి, అది అయిదేళ్లకోసారి.

## బండి పోయాక

పెట్టిన చోట బండి లేదు. మొదట ఏం చేయాలి?

మొదట ట్రాఫిక్ పోలీసులు లాక్కెళ్లారేమో కనుక్కోండి. నో పార్కింగ్‌లో ఆపితే అది మామూలే. కాదని తేలగానే 112కు ఫోన్ చేసి, ఆ ప్రాంతం స్టేషన్‌కు వెళ్లండి. ట్రాకర్ ఉంటే దాని లొకేషన్ పోలీసులకు చూపించండి, మీరు ఒంటరిగా వెంటపడకండి. చుట్టుపక్కల దుకాణాల వాళ్లను కెమెరా రికార్డింగ్ చెరిపేయవద్దని అప్పుడే బతిమాలుకోండి. ఆ రాత్రికే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత ఆర్‌టీఓకు రాసివ్వండి, ఆ బండి ఇంకొకరి పేరుకు మారకుండా ఆపుతారు.

అక్కడ భాష తెలియదు. నెల్లూరొచ్చి ఫిర్యాదు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో కూడా పంపొచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అయినా వీలుంటే అక్కడే ఇచ్చి రండి. దర్యాప్తు చేయాల్సింది ఆ స్టేషనే, ప్రయాణంలో పోయే నాలుగు గంటలు దొంగకు కలిసొస్తాయి.

ఫాస్టాగ్ వెంటనే బ్లాక్ చేయాలా?

నేనైతే చేయను. ముందు పోలీసులను అడగండి. బండి సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం టోల్‌గేట్లలో ఏది దాటినా మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఏ గేటు, ఎన్ని గంటలకు అనేది దర్యాప్తుకు బంగారం లాంటి సమాచారం. తెలివైనవాడు స్టిక్కర్ పీకేస్తాడు, కానీ అందరూ తెలివైనవాళ్లు కారు.

పోలీసులకు వెంటనే చెప్పాం, ఇన్సూరెన్స్ కంపెనీకి ఆలస్యమైంది. క్లెయిమ్ పోయినట్టేనా?

పోనట్టే. ఎఫ్ఐఆర్ వెంటనే నమోదై, దొంగతనం నిజమైతే, కంపెనీకి చెప్పడంలో జరిగిన ఆలస్యం ఒక్కదాన్నే సాకుగా చూపి క్లెయిమ్ తిరస్కరించకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో తేల్చి చెప్పింది. ఎఫ్ఐఆర్‌లోనే ఆలస్యం చేస్తే మాత్రం ఈ తీర్పు ఆదుకోదు.

తాళం బండిలోనే మరిచిపోయాను. నిజం చెప్పాలా?

చెప్పండి. దాచి దొరికిపోతే మొత్తం పోతుంది. తాళం లోపలే ఉండిపోయిన ఓ లారీ కేసులో సుప్రీంకోర్టు 2023లో 75 శాతం ఇప్పించింది.

అద్దాలు, చక్రాలే పోయాయి. ఎంతొస్తుంది?

పదేళ్లు దాటిన బండి లోహ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. టైర్లు, బ్యాటరీ, ప్లాస్టిక్‌కు కూడా 50 శాతమే. గాజుకు తరుగు లేదు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అయిదేళ్లు క్లెయిమ్ లేనివాళ్లకు అది 50 శాతం దాకా ఉంటుంది. పదివేల లోపు నష్టమైతే లెక్క వేసుకుని సొంతంగా వేయించుకోవడమే మేలు. ఫిర్యాదు మాత్రం తప్పక ఇవ్వండి.

బండి దొరికిందని ఫోన్ వచ్చింది. ఇప్పుడేంటి?

క్లెయిమ్ డబ్బు అప్పటికే తీసుకుని ఉంటే బండి ఇన్సూరెన్స్ కంపెనీదే, కాగితాలన్నీ మీరు రాసిచ్చారు కాబట్టి. తీసుకోకపోతే కంపెనీకి వెంటనే తెలియజేసి, కోర్టులో దరఖాస్తు పెట్టి మధ్యంతరంగా బండిని విడిపించుకోవచ్చు. స్టేషన్ ఆవరణలో ఎండకు వానకు నిలబడితే పాత బండి ఆరు నెలల్లో ముక్కలైపోతుంది, కాబట్టి ఆ దరఖాస్తు ఆలస్యం చేయకండి. తీసుకునేటప్పుడు చాసిస్ నంబరు చెరిపారేమో చూసి, చెరిపి ఉంటే పంచనామాలో రాయించండి. ఇంటికి నడిపించుకురావద్దు, లారీ మీద తెప్పించండి. తాళాలు, కోడ్‌లు అన్నీ మార్చేదాకా వీధిలో పెట్టకండి, పాత తాళం నకలు ఇంకా దొంగ దగ్గరే ఉండొచ్చు.